దండభయము - లోకాపవాదము

క్రీస్తునకు పూర్వము 209వ సంవత్సరము. చైనాలో చిన్ వంశపు సామ్రాజ్యము నడుచుచుండెను. సరిహద్దు కావలికై తొమ్మిదివందలమంది పల్లెటూరివారిని కూడగట్టి యూయాంగ్ అను చోటికి నడిపించుచుండిరి. దారిలో దాజే అను గ్రామముకడ ఎడతెగని వానలు పట్టుకొనెను. బాటలు మునిగిపోయెను. గడువునాటికి గమ్యము చేరుట అసంభవమని తేలిపోయెను. గడువు దాటినవారికి శాసనము ప్రకారము శిరచ్ఛేదము. ఆ గుంపులోని చెన్ షెంగ్, వూ గువాంగ్ అను ఇరువురు తమలో తాము లెక్క వేసికొనిరి. ఆలస్యముగా పోయినను చావే, పారిపోయినను చావే, తిరుగబడినను చావే. మూడింటికిని వెల యొక్కటే యైనప్పుడు తిరుగుబాటే మేలని వారు నిశ్చయించిరి. వారిరువురును ఆ పోరాటములోనే మరణించిరి గాని, వారు రగిల్చిన మంట ఆరలేదు. సుమారు మూడేండ్లలో ఆ మహాసామ్రాజ్యము కూలిపోయెను.

ఈ వృత్తాంతమును వ్రాసినవాడు సుమారు నూరేండ్ల తరువాతి చరిత్రకారుడు సీమా చియాన్. 1975లో హూబే రాష్ట్రమందలి షూహూదీ వద్ద ఒక చిన్ ఉద్యోగి సమాధిలో వెదురు బద్దలపై వ్రాసిన శాసనములు బయటపడినవి. వానిలో వెట్టిపనికి ఆలస్యముగా వచ్చినవారికి మందలింపును జరిమానాయును మాత్రమే కనబడుచున్నవి. సైనికులకు నియమము వేరుగా ఉండెనో, సీమా చియాన్ కొంత పెంచి చెప్పెనో యని పండితులు తర్కించుచున్నారు. ఏది యెట్లున్నను ఆ కథలోని ప్రశ్న నేటికిని పాతబడలేదు. శిక్ష ఎంత కఠినమైన భయము అంత పెరుగునా? భయము పెరిగినకొలది నేరము తగ్గునా?

నేరము చేయబోవు మనుష్యుని చేయిపట్టి ఆపునవి లోకములో ముఖ్యముగా రెండు. ఒకటి ప్రభుత్వము చేతిలోని దండము. రెండవది నలుగురి నోటిలోని మాట. మొదటిది దేహమునకును ధనమునకును తగులును. రెండవది పరువునకు తగులును. ఈ రెండును ఎక్కడ పనిచేసినవి, ఎక్కడ విఫలమైనవి, అందులకు కారణమేమి యను విషయమును దేశదేశముల చరిత్రయే కొంతవరకు చెప్పగలదు.

ఈ వివాదము చైనాలో చిన్ సామ్రాజ్యముకంటె పూర్వమే మొదలైనది. శిక్షలతో నడిపింపబడు ప్రజలు శిక్షను తప్పించుకొను దారి వెదకుదురే గాని సిగ్గు నెరుగరనియు, సదాచారముతో నడిపింపబడు ప్రజలకు సిగ్గు తెలియుననియు, వారు తమ నడతను తామే దిద్దుకొందురనియు కన్ఫ్యూషియస్ బోధించెను. క్రీ.పూ. నాలుగవ శతాబ్దములో చిన్ రాజ్యమునకు మంత్రియైన షాంగ్ యాంగ్ సరిగా దీనికి ఎదురుదారి త్రొక్కెను. ఐదేసి, పదేసి కుటుంబములను ఒక కట్టుగా చేర్చి, ఒకరి నేరమును తక్కినవారు వెల్లడింపకున్నచో అందరికిని శిక్ష విధించెను. చిన్న తప్పునకే పెద్ద శిక్ష వేసినచో పెద్ద తప్పు పుట్టనే పుట్టదని ఆతని సిద్ధాంతము. రాజ్యము బలపడిన మాట నిజమే. కాని తన్ను ఆదరించిన రాజు మరణింపగానే షాంగ్ యాంగ్ ప్రాణభీతితో పరుగెత్తి ఒక బాటసారుల సత్రము చేరెనట. పత్రము లేనివానికి చోటిచ్చినచో షాంగ్ ప్రభువు శాసనము తమ్ము విడువదని చెప్పి, వచ్చినవాడెవరో ఎరుగని ఆ సత్రపు యజమాని వానిని బయటికి పంపివేసెనట.

చిన్ వంశము పడిపోయిన పిమ్మట, క్రీ.పూ. 206లో, రాజధాని ప్రాంతమును పట్టుకొనిన ల్యూ బాంగ్ ఊరిపెద్దలను పిలిపించి, పాత క్రూరశాసనములను ఎత్తివేసి, మూడే నియమములు ప్రకటించెను. చంపినవానికి చావు, గాయపరచినవానికిని దొంగిలించినవానికిని నేరమునకు తగిన శిక్ష. ప్రజలు సంతోషించి ఆతనిని తమవానిగా చేసికొనిరి. హాన్ వంశమునకు మూలపురుషుడు ఆతడే.

ఆ వంశములోని వెన్ చక్రవర్తి కాలమున, క్రీ.పూ. 167లో, ఒక బాలిక వ్రాసికొనిన విన్నపము శిక్షాస్మృతినే మార్చివేసెను. చున్‌యూ యీ అను వైద్యుడు పూర్వము ధాన్యాగారపు అధికారి. నేరారోపణకు గురియైన అతనికి అంగచ్ఛేదము శిక్షగా పడనుండెను. అతనికి ఐదుగురు కుమార్తెలే గాని కుమారులు లేరు. ఆపదలో అక్కరకు వచ్చు కొడుకొక్కడును లేడని అతడు విసుగుకొనగా కడసారి కూతురు తీయింగ్ కంటనీరు పెట్టుకొని, తండ్రి వెంట రాజధానికి నడిచిపోయి, చక్రవర్తికి విన్నపము సమర్పించెను. చచ్చినవారు తిరిగి బ్రదుకరు; తెగిన అవయవము తిరిగి అతుకదు; అటుపిమ్మట ఆ మనుష్యుడు మంచిదారికి రాదలచినను దారి యెక్కడనున్నది? తండ్రి తప్పునకు బదులుగా తాను దాసిగా నుందునని ఆమె వేడుకొనెను. చక్రవర్తి మనస్సు కరగి అంగచ్ఛేద శిక్షలను రద్దుచేసెను. వానికి బదులుగా విధించిన వందలకొలది దెబ్బలవలన చాలమంది మరణించుటచే తరువాతి చక్రవర్తి ఆ దెబ్బల సంఖ్యను తగ్గింపవలసి వచ్చెను. దయతో చేసిన శాసనమైనను అమలులో ఎట్లున్నదో కనిపెట్టి చూడవలసి యుండును గదా!

భారతదేశమున ఈ చర్చ దండనీతి యను పేరుతో సాగినది. 1909లో మైసూరులో శ్యామశాస్త్రి ప్రకటించిన నాటినుండి లోకమునకు తిరిగి లభించిన కౌటిలీయార్థశాస్త్రమున, మొదటి అధికరణములోనే ఈ ప్రసక్తి కలదు. ప్రాణులను వశపరచుటకు దండమువంటి సాధనము లేదని పూర్వాచార్యులు చెప్పిరి. కౌటిల్యుడు దానిని ఒప్పుకొనలేదు. దండము మిక్కిలి తీక్ష్ణమైన ప్రజలు ఉద్వేగపడుదురు, మిక్కిలి మృదువైన దానిని లెక్కసేయరు, తగినట్లుండిన గౌరవింతురు. అన్యాయముగా ప్రయోగించిన దండము వానప్రస్థులకును సన్న్యాసులకును కూడ కోపము తెప్పించునని ఆతడు హెచ్చరించెను. దండమే లేనిచో పెద్దచేప చిన్నచేపను మ్రింగునట్టి మత్స్యన్యాయము బయలుదేరునని కూడ ఆతడే చెప్పెను. కఠినరాజనీతికి పేరుపడిన కౌటిల్యుడే తగినంత యను మాటను పట్టుకొనుట గమనింపదగినది.

అశోకుడు తన నాలుగవ స్తంభశాసనమున మరణశిక్ష పడినవారికి మూడు దినముల గడువొసగెను. బంధువులు వారి ప్రాణమునకై విన్నవించుకొనుటకును, లేకున్న వారు దానోపవాసములతో పరలోకమునకు సిద్ధపడుటకును ఆ గడువు. కళింగమున ధౌలివద్ద చెక్కించిన ప్రత్యేకశాసనమున ఆతడు తోసలి నగరపు అధికారులను ఉద్దేశించి, ఎవరును నిష్కారణముగా బంధింపబడరాదనియు, అసూయ, కోపము, క్రూరత్వము, తొందరపాటు, సోమరితనము, అలసట యను దోషములున్నవాడు న్యాయముగా నడువలేడనియు ఉపదేశించెను. శిక్షించు అధికారి అలసటను కూడ దోషములలో చేర్చుట విశేషము. బల్లమీద పేరుకొనిన కాగితములలో ఒక మనుష్యుని బ్రదుకున్నదని మరచిపోవుటకు క్రూరత్వమే అక్కరలేదు, అలసట చాలును.

తీక్ష్ణదండమును గూర్చిన ఈ పాఠమును ఇంగ్లండు చాలకాలము తరువాత, తన అనుభవముతో నేర్చుకొనవలసి వచ్చెను. 1688 ప్రాంతమున అచ్చట మరణశిక్షకు తగిన నేరములు సుమారు ఏబది. పందొమ్మిదవ శతాబ్దారంభమునాటికి అవి రెండువందలకు మించెను. ఇంటిలో దూరి నలుబది షిల్లింగుల సొత్తు దొంగిలించినను ఉరియే. ఫలితమేమి? జూరీవారు మనుష్యులే గదా! ఎంత విలువగల వస్తువు పోయినను దాని ఖరీదు ముప్పదితొమ్మిది షిల్లింగులని తీర్పు చెప్పి నిందితుని ప్రాణము కాపాడుచుండిరి. న్యాయకోవిదుడు బ్లాక్‌స్టన్ ఇట్టిదానిని పుణ్యమునకై ఆడిన అబద్ధమువంటిదిగా భావించెను. సొత్తు పోయినవారు కూడ ఒకని ఉరికి తాము కారకులగుట ఇష్టములేక ఫిర్యాదు చేయుట మానుకొనుచుండిరి. శాసనము మిక్కిలి భయంకరమగుట చేతనే దొంగకు భయము తగ్గిపోయెను.

శామ్యూల్ రామిలీ యను న్యాయవాది పార్లమెంటులో ఈ శాసనములపై పోరాడి, 1808లో జేబు కత్తిరించుటకు ఉరిశిక్షను తొలగింపజేసెను. దుకాణపు దొంగతనమునకు సంబంధించిన ఆయన ప్రతిపాదనను ప్రభువుల సభ త్రోసివేసెను. ఆయన 1818లో మరణించెను గాని, ఆయన మొదలిడిన పని ఆగలేదు. 1830లో బ్యాంకుల యజమానులే, దొంగసంతకమునకు ఉరిశిక్షను తీసివేయుడని పార్లమెంటునకు అర్జీ పెట్టుకొనిరి. వారిది దయ మాత్రమే కాదు. ఉరి యున్నంతకాలము నేరస్థులకు శిక్ష పడుట లేదనియు, తమ సొత్తునకు రక్షణ లేదనియు వారి మొర. ఇంతలో 1829లో లండనునకు క్రమబద్ధమైన పోలీసుదళము ఏర్పడెను. 1861 నాటికి ఉరికి తగిన నేరములు హత్య, రాజద్రోహము మొదలైన నాలుగింటికి దిగెను.

మిలాను నగరవాసియైన బెకారియా 1764లోనే, ఇరువదియారేండ్ల వయసున ప్రకటించిన నేరములు-శిక్షలు అను చిన్న గ్రంథమున ఈ సూత్రమును స్థాపించెను. శిక్ష యొక్క క్రూరత్వముకంటె అది తప్పదను నిశ్చయమే నేరమును ఎక్కువగా ఆపునని ఆయన వాదము. దీనికి నిదర్శనమువంటి సంఘటన ఒకటి 1944లో జరిగెను. డెన్మార్కును ఆక్రమించుకొనిన జర్మనులు ఆ సెప్టెంబరు 19వ తేదీన డేనిష్ పోలీసులను పట్టుకొని, సుమారు రెండువేలమందిని జర్మనీలోని నిర్బంధ శిబిరములకు పంపివేసిరి. ఆ తరువాతి నెలలలో కోపెన్‌హేగన్ నగరమున దోపిడులును దొంగతనములును ఎన్నో రెట్లు పెరిగిపోయెను. కాని నమ్మి ఒప్పగించిన సొమ్మును అపహరించుటవంటి నేరములు ఆ విధముగా పెరుగలేదు. అట్టి నేరములలో దోషి యెవడో సొమ్ము పోయినవానికే తెలియును. పట్టుబడుదునని ఎరిగినవాడు పోలీసు లేకున్నను వెనుకంజ వేసెను.

ఇది దండము సంగతి. ఇక నలుగురి మాట సంగతి. రాజును, పోలీసును లేని దేశమొకటి దీనికి మంచి ఉదాహరణము. ఐస్లాండులో 930 ప్రాంతమున ఏర్పడిన ఆల్తింగు అను సభ శాసనములు చేసెను, తీర్పులు చెప్పెను. కాని ఆ తీర్పులను అమలుజరుపు అధికారి యెవడును లేడు. సభ వెలిశిక్ష విధించినచో ఆ మనుష్యునికి ఎవరును అన్నము పెట్టరాదు, ఆశ్రయమీయరాదు. ఘోరనేరములకు ఈ వెలి శాశ్వతము. తక్కువ నేరములకు మూడేండ్లు దేశము విడిచి, తిరిగివచ్చి యథాప్రకారము బ్రదుకవచ్చును.

తెలుగు పల్లెలలోని కులకట్టుబాటు కూడ ఇట్టిదే. కట్టు తప్పినవానికి నిప్పును నీరును ఇచ్చెడివారు కారు. చాకలిని మంగలిని ఆపుచేయుచుండిరి. పెండ్లికి పిలుపును, చావునకు మోతయును ఉండెడివి కావు. చెరసాలకంటె ఇది ఎక్కువ బాధయని తలచినవారు కలరు. కాని సామాన్యమైన తప్పులకు తప్పు కట్టి, కులమునకు విందుపెట్టి, మరల బంతిలో కూర్చుండు దారి ఉండెడిది. ఆ దారి యున్నందుననే ఆ భయము మనుష్యుని దిద్దగలిగెను.

ఈ నలుగురి మాట ఎల్లప్పుడును న్యాయముగా నుండెనా? లేదు. ప్రేమించి పెండ్లాడినందుకును, పెద్దకులమువారి ఎదుట తలయెత్తినందుకును వెలివేసిన గ్రామములు అనేకములు. ఇట్టి సాంఘిక బహిష్కారమునే నేరముగా నిర్ణయించుచు మహారాష్ట్ర ప్రభుత్వము 2016లో ప్రత్యేకశాసనము చేయవలసి వచ్చెను. ఐదవ శతాబ్దారంభమున మన దేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ వ్రాతలో ఈ రెండు ముఖములును ఒక్కచోటనే కనబడును. మధ్యదేశమున దేహదండనము అరుదనియు, నేరములకు జరిమానాయే విధింతురనియు ఆయన మెచ్చుకొనెను. ఆ వెంటనే, చండాలురను ఊరివెలుపల నుంచిరనియు, వారు ఊరిలోనికి వచ్చునప్పుడు కర్రతో చప్పుడు చేసి జనమును తప్పుకొనుడని తెలుపవలెననియు వ్రాసెను. దండమును మృదువు చేసికొనిన సంఘమే ఏ నేరమును చేయనివారికి పుట్టుకతోనే వెలిశిక్ష వేసినది. ఆ శిక్షకు గడువు లేదు, తిరిగివచ్చు దారియు లేదు.

ఆధునిక కాలమున ఈ వెలికి శాసనమే తోడైన ఘట్టము నేరస్థజాతుల చట్టము. 1871లో ఉత్తర హిందూస్థానమున మొదలిడిన ఈ చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసిరి. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లే దొంగ కొడుకు దొంగ యగునని ఆ చట్టమును సమర్థించినవారి తర్కము. జాబితాకెక్కిన కులములో పుట్టినవారి వ్రేలిముద్రలు తీసికొని, వేళకు హాజరు చెప్పించి, అనుమతి చీటీ లేక ఊరు కదలినచో శిక్షించుచుండిరి. తెలుగునాట ఎరుకలవారు ఇందు చిక్కుకొనిరి. వారు పూర్వము గాడిదలపైనను ఎద్దులపైనను ఉప్పును ధాన్యమును వేసికొని తీరమునుండి లోనాడులకు మోసి అమ్ముకొనుచుండిరి. ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధికారమును, రైలుమార్గములును ఆ బేరమును పోగొట్టినవి. బ్రదుకుతెరువు పోయినవారి మీద పుట్టుదొంగలన్న ముద్ర పడెను. 1910 తరువాతి సంవత్సరములలో బాపట్ల సమీపమున స్టువర్టుపురము, నెల్లూరు జిల్లాలో కావలి మొదలగు చోట్ల వారికి సెటిల్మెంటులు నెలకొల్పి, మిషనరీ సంస్థల అజమాయిషీలో నుంచిరి.

ఇట్టి మనుష్యునికి దండభయమేమి చేయగలదు? దొంగిలించినను హాజరు చెప్పవలెను, దొంగిలింపకున్నను చెప్పవలెను. లోకాపవాదమేమి చేయగలదు? అపవాదము వానికంటె ముందే పుట్టి యున్నది. తెగించినవానికి తెడ్డే లింగమని సామెత. వానలో చిక్కిన చెన్ షెంగ్ వేసిన లెక్కయే ఇచ్చటను. నేరము చేసినవానికిని చేయనివానికిని ఒక్కటే వెల నిర్ణయించిన శాసనము నేరమును ఆపు శక్తిని తానే పోగొట్టుకొనును.

1936లో నెల్లూరునకు వచ్చినప్పుడు జవహర్లాల్ నెహ్రూ ఈ చట్టమును తీవ్రముగా ఖండించెను. మద్రాసు ప్రభుత్వము 1947లో దానిని రద్దుచేసెను. మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన 1949లో ఏర్పడిన విచారణసంఘము దేశమంతట దానిని తొలగింపవలెనని సిఫారసు చేయగా, 1952 ఆగస్టు 31వ తేదీనుండి అది రద్దయ్యెను. నాటినుండి ఆ కులములకు విముక్తజాతులని పేరు. కాని కాగితముపై తుడిచిన ముద్ర జనుల మనస్సులో త్వరగా తుడువబడదు. ఊరిపేరు చెప్పగానే అనుమానపు చూపును ఎదుర్కొనిన స్టువర్టుపురవాసులు ఆ తరువాత కూడ అనేకులు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెరసాలల నియమావళులలో కులమునుబట్టి పనులు పంచు నిబంధనలను కొట్టివేయుచు, విముక్తజాతులవారిని అలవాటుపడిన నేరస్థులుగా చూపు వ్రాతలను కూడ త్రోసివేయవలసి వచ్చెను. రద్దునకును ఈ తీర్పునకును నడుమ డెబ్బదిరెండేండ్లు గడచినవి.

ఈలోగా వేరొక దారిని పోయి చూచినవారును కలరు. మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె హేమలతయు, ఆమె భర్త లవణమును 1970 తరువాత స్టువర్టుపురమున ఏండ్లతరబడి పనిచేసిరి. అచ్చటి ఇండ్లకు పోయి, వారితో కూర్చుండి, పిల్లలను చదువులకును, పెద్దలను ఇతర వృత్తులకును మరల్చుటకు పాటుపడిరి. దొంగతనము విడువుమని చెప్పుటకు ముందు, విడిచినవానిని నలుగురిలో కూర్చుండబెట్టుకొనుట యెట్లో వారు ఆలోచించిరి. ఆ ఊరిబిడ్డలలో చదువుకొని గౌరవముగా ఉద్యోగములు చేసికొనుచున్నవారు నేడు కలరు. వారికి ఇప్పుడు పోగొట్టుకొనుటకు పరువున్నది. కావున లోకాపవాదము వారిని కూడ అందరివలెనే ఆపగలదు.

చైనాలోనైనను, ఇంగ్లండులోనైనను, తెలుగు పల్లెలోనైనను చరిత్ర చెప్పునది ఒక్కటే. శిక్ష క్రూరముగా నుండనక్కరలేదు. తప్పక, తగినంతగా, దోషికే పడవలెను. నింద పదునుగా నుండనక్కరలేదు. చేసిన పనికి పడవలెను గాని పుట్టిన పుట్టుకకు కాదు. రెండింటికిని ఆవల తిరిగివచ్చు దారి యొకటి తెరచి యుండవలెను. తండ్రి వెంట కాలినడకన రాజధానికి పోయిన తీయింగ్ రెండువేల రెండువందల సంవత్సరములకు పూర్వము అడిగినది ఆ దారినే.